రాత పుస్తకం, 3వ పాఠం: "ఏం రాయాలి టీచర్?"

పిల్లలు రోజూ తరగతిలో తమ సొంత మాటల్లో రాసుకునే పుస్తకం ఎలాంటిది ఉండాలో, దానికి రోజూ ఒకే వేళకు పది నిమిషాలు ఎలా కేటాయించాలో గత రెండు పాఠాల్లో చూశాం. అవి చక్కగా కుదిరిన తరగతిలో కూడా మూడో వారానికల్లా కొందరు పెన్ను కొరుకుతూ కూర్చుంటారు. పిల్లలకు ఆసక్తి పోయిందని తేల్చేయకండి. రోజూ బోర్డు మీద మీరే అంశం రాసి ఇస్తుంటే, ఒక్కరోజు ఇవ్వకపోయినా చేతులు ఆగిపోతాయి. అంశం వెతుక్కోవడం కూడా రాయడంలో భాగమే. అది మాత్రం మనం నేర్పలేదు.

అందుకే పుస్తకంలో మొదటి రెండు పేజీలు విషయాల పట్టీకి, అంటే ఎవరికి వారు రాయడానికి ఎంచుకునే అంశాల జాబితాకి, వదలాలి. ఈ వారం రాత సమయంలో ఒకరోజు దానికే కేటాయించండి. నాలుగు శీర్షికలు ఇవ్వండి: నాకు కోపం తెప్పించేవి, నాకు చేతనైన పనులు, నేను పోగొట్టుకున్న వస్తువులు, మా ఇంట్లో తరచూ వినిపించే మాటలు. ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలు. వాక్యాలు వద్దు, ముక్కలుగా రాస్తే చాలు. మొత్తం పదిహేను దాకా వస్తే పట్టీ పని చేస్తుంది. "స్నేహం", "క్రమశిక్షణ" లాంటివి కనిపిస్తే అవి వ్యాసాల పోటీ అంశాలు. వాటి మీద పిల్లలు ఎక్కడో చదివిన మాటలే దింపుతారు. ఏ స్నేహితుడు, ఏ రోజు, ఏం జరిగింది అని అడిగి పక్కన రాయించండి.

ఆ తర్వాత వచ్చే చిక్కు దినచర్య. "పొద్దున లేచాను. పళ్ళు తోముకున్నాను. బడికి వచ్చాను." ఇలాంటి పేజీలు తప్పకుండా వస్తాయి. బాగా లేదు అనకండి, ఇంకా రాయమనీ అనకండి. ఒక్క వాక్యం కింద గీత గీసి, మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక్క ప్రశ్న రాయండి: "బడికి వస్తుంటే దారిలో ఏమైంది?" మర్నాడు "చెప్పు తెగింది. చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వచ్చాను, ఎవరైనా చూస్తారేమోనని గోడ పక్కనే నడిచాను" అని వచ్చిందంటే ఆ పిల్లవాడికి దారి దొరికినట్టే. రెండు మూడు ప్రశ్నలు వేస్తే మాత్రం పరీక్ష పేపర్‌కి రాసినట్టు ఒక్కోదానికి ఒక్కో ముక్క జవాబు రాసి ఊరుకుంటారు.

నలభై మంది ఉన్న తరగతిలో రోజుకు ఎనిమిది పుస్తకాలు చూస్తే ఐదు రోజుల్లో అందరివీ అయిపోతాయి. అన్నీ ఒకేరోజు పోగేసుకుంటే చివరివి చదవకుండానే టిక్కు పడుతుంది.

ఎర్ర ఇంకు ఈ పుస్తకంలో అసలు వద్దు. ఒత్తు తప్పితే సున్నా చుడతారని తెలిసిన పిల్ల "అమ్మ విసుక్కుంది" అని రాయాలనుకుని, భయంతో "అమ్మ అంది" అని సరిపెట్టేస్తుంది. తప్పు తగ్గింది, మాట పోయింది. ఎక్కువమంది చేస్తున్న తప్పులు మీ దగ్గర రాసి పెట్టుకోండి. వాటిని వేరే పీరియడ్‌లో చెప్పండి. పేజీల లెక్కకు మార్కులు వేసినా ఇబ్బందే. మర్నాటి నుంచి అక్షరాలు లావెక్కుతాయి, పదాల మధ్య ఎడం పెరుగుతుంది.

ఎవరికీ చూపించకూడదనుకున్న పేజీని మడిచి పెట్టుకోమనండి, మీరు విప్పకండి. చూపించిన పేజీల్లో ఎవరైనా తమకు హాని చేస్తున్నారని కనిపిస్తే మాత్రం దాచలేనని, సాయం చేయగల పెద్దలకు చెప్తానని మొదటే తెలియజేయండి.

వారం చివరి రోజు కొత్తగా రాయించకండి. ఐదు నిమిషాలు తమ పాత పేజీలు తామే చదువుకోవాలి. తమకు నచ్చిన ఒక్క వాక్యం ఎంచి, ఎదురుగా ఖాళీగా వదిలిన ఎడమ పేజీలో పైన రాసుకుని, మిగతా ఐదు నిమిషాలు అక్కడి నుంచి కొనసాగించాలి. ఎడమ పేజీలు వదలమని మొదటి పాఠంలో చెప్పింది దీనికోసమే. ఈ పని దాటవేస్తే పుస్తకం నిండుతుంది కానీ రాత మారదు.

ఈ వారం మీ అభ్యాసం: తరగతికి ముందే మీ పట్టీ మీరు రాసుకోండి. రోజూ రాత మొదలైన తొలి మూడు నిమిషాలు బల్లల మధ్య తిరగకుండా, మీరూ కూర్చుని రాయండి. ఆ తర్వాతే లేచి, పెన్ను కదలని వాళ్ల దగ్గరికి వెళ్లి పట్టీ తెరిపించి, అందులో ఒకదాని మీద వాళ్ల చేతే వేలు పెట్టించండి.