ఇనుప ఖనిజం లెక్కలు – 4వ పాఠం: సొంత గని ఉంటే ఎంత మిగులుతుంది?

గత పాఠంలో రాయల్టీ (ఖనిజం తవ్వుకున్నందుకు ప్రభుత్వానికి కట్టే సొమ్ము) లెక్క కట్టడం నేర్చుకున్నాం. దాన్ని ఇప్పుడు విశాఖలో అందరి నోటా ఉన్న ప్రశ్నకు వాడదాం. ఉక్కు ఫ్యాక్టరీకి సొంత గనులు ఇవ్వాలని 2021 నుంచి కూర్మన్నపాలెంలోని ఉక్కు కార్మికుల దీక్షా శిబిరంలో అడుగుతూనే ఉన్నారు. న్యాయమైన డిమాండ్. దాని విలువ ఎంతో కాగితం మీద చూద్దాం.

ఫ్యాక్టరీకి ఖనిజం ప్రధానంగా ఛత్తీస్‌గఢ్‌ దంతెవాడ జిల్లాలోని బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస–కిరండూల్ రైలు లైను మీద, అరకు కొండలు దిగి వస్తుంది. అదంతా కొన్న సరుకే. టన్ను ఉక్కుకు సుమారు 1.6 టన్నుల ఖనిజం కావాలి.

అభ్యాసం కోసం టన్ను ఖనిజం ధర 5,000 రూపాయలు, తవ్వే ఖర్చు 1,000 అనుకోండి. రవాణా ఎలాగూ తప్పదు కాబట్టి పక్కన పెడదాం. చిన్న పద్దులూ వదిలేద్దాం.

ముందు పాత లీజు. రాయల్టీ ధరలో 15%, అంటే 750. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజు అయితే జిల్లా ఖనిజ నిధికి రాయల్టీలో 30%, అంటే 225. తవ్వకంతో కలిపి 1,975. కొనడం కన్నా 3,025 తక్కువ. 1.6తో గుణిస్తే టన్ను ఉక్కు మీద 4,840 మిగులు.

ఇప్పుడు వేలంలో దక్కిన గని తీసుకోండి. జిల్లా నిధికి రాయల్టీలో 10% చాలు, 75. కానీ పాట పాడిన ప్రీమియం, అంటే ధరలో ఇంత శాతం ఇస్తామని వేలంలో ఒప్పుకున్న సొమ్ము, రాష్ట్రానికి కట్టాలి. ఒడిశాలో 2020 వేలాల్లో కొన్ని గనులకు ధరలో 100% దాటి పాడారు. సరిగ్గా 100% వేసుకున్నా 1,000 + 750 + 75 + 5,000 = 6,825. బజారులో కొన్నదానికంటే ఖరీదు!

అందుకే 'సొంత గనులు' అని ఎవరన్నా నేను ముందు అడిగేది, ఏ దారిలో అని. వేలం లేకుండా ప్రభుత్వ సంస్థకు కేటాయిస్తేనే ఈ లెక్కకు అర్థం ఉంటుంది. ఒక్క మాట: మిగులు పెంచుకోవాలని జిల్లా నిధి పద్దు మీద మాత్రం చెయ్యి వేయకూడదు. గని పక్కన బతికే దంతెవాడ జనం వాటా అది.

ఇంటి పని: వేలం లేని కేటాయింపులో రాయల్టీ కాక, దానికి ఒకటిన్నర రెట్లు అదనంగా కట్టాలనుకోండి, జిల్లా నిధికి 10% వేయండి. టన్ను ఉక్కు మీద ఎంత మిగిలింది? 5వ పాఠానికి వచ్చేటప్పుడు ఆ అంకె దగ్గర ఉంచుకోండి, పెల్లెట్ల (ఖనిజపు పొడితో చేసే ఉండల) లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.