నౌకాధికారుల పాత ఉత్తరాలను సేకరించే విధానం

నౌకాధికారుల చేతిరాత ఉత్తరాలను సేకరించాలని కొత్తగా ఉత్సాహపడేవారు చాలామంది బ్రిటిష్ నౌకాదళంలో ప్రసిద్ధుడైన అడ్మిరల్ నెల్సన్ సంతకంతో మొదలుపెట్టాలనుకుంటారు. నా సలహా అందుకు భిన్నం. ఆయన ఉత్తరాల ధర సామాన్యులకు అందదు. పైగా పేరు పెద్దదైన కొద్దీ నకిలీల బెడద పెరుగుతుంది. ఒక నౌకాదళ విభాగాన్ని, ఒక పది పదిహేనేళ్ల కాలాన్ని ఎంచుకుని, ఆ పరిధిలో పనిచేసిన కెప్టెన్లు, లెఫ్టినెంట్లు రాసిన ఉత్తరాలను వెతకడం మేలు. అప్పుడు ఒక ఉత్తరం మరొకదానికి సాక్ష్యమవుతుంది, కొన్న ప్రతి కాగితమూ మన పరిజ్ఞానాన్ని పెంచుతుంది.

తెలుగువారికి దగ్గరైన పరిధి బ్రిటిష్ నౌకాదళపు ఈస్టిండీస్ విభాగం, అంటే మన తీరంతో సహా హిందూ మహాసముద్ర ప్రాంతాన్ని చూసుకున్న విభాగం. 1794 నుంచి 1805 వరకు దానికి పీటర్ రేనియర్ అధిపతి; ఆయన తరువాత ఎడ్వర్డ్ పెల్యూ వచ్చి 1809 వరకు ఉన్నాడు. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవు ముందు లంగరు వేసి ఉన్న సెంచూరియన్ అనే నౌకపై ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మూడు యుద్ధనౌకలతో దాడి చేశాడు. కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పటికి ఒడ్డున ఉండడంతో లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరాటం మొదలుపెట్టవలసి వచ్చింది. మన తీరాన్ని కళ్లారా చూసిన ఇలాంటి అధికారుల రాతలో మనకు తెలిసిన ఊరి పేరు వింత స్పెల్లింగుతో కనిపించినప్పుడు కలిగే ఆనందం వేరు.

వేలంపాట జాబితాలో ఒక ఉత్తరం కనిపిస్తే, అది మొత్తం అధికారి స్వదస్తూరితో ఉందా, లేక గుమాస్తా రాసిన పాఠం కింద ఆయన సంతకం మాత్రమే ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి. అధికారిక లేఖల్లో రెండో రకమే ఎక్కువ. ధరలో తేడా చాలా ఉంటుంది కాబట్టి వర్ణనలోని మాటలను జాగ్రత్తగా చదవాలి. యుద్ధకాలంలో ముఖ్యమైన లేఖను రెండు మూడు ప్రతులుగా వేర్వేరు ఓడల్లో పంపేవారు. అందువల్ల అదే పాఠం మరోచోట కనిపించినంత మాత్రాన మన చేతిలోది నకిలీ అనుకోకూడదు.

ఇక కాగితం దగ్గరికి వద్దాం. 1840కి ముందు కవరు వాడకం అరుదు. పెద్ద కాగితాన్ని మధ్యకు మడిచి, మూడు పుటల్లో రాసి, నాలుగో పుటను పైకి వచ్చేలా మళ్లీ మడిచి, దానిమీద చిరునామా రాసి లక్కతో ముద్ర వేసేవారు. అందుకే అసలైన ఉత్తరాన్ని విప్పితే లక్క అంటుకున్న చోట కాగితం చిరిగి, ఒకటి రెండు మాటలు పోయి ఉండడం మామూలే. మడతల వెంట పైకి వచ్చిన భాగం మాత్రమే మసకబారి, లోపలి భాగం తేటగా ఉంటుంది. చిరునామా పక్కన అందుకున్నవారు మరో దస్తూరితో పంపినవారి పేరు, అందిన తేదీ రాసుకోవడం కూడా ఆనాటి ఆచారం. మురికి అంతటా ఒకేలా పరుచుకుని, మడతలకు సంబంధం లేకుండా ఉంటే అనుమానించాలి.

కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే నీటిగుర్తు, అంటే తయారీలోనే కాగితంలో పడిన గుర్తు (వాటర్‌మార్క్), కనిపిస్తుంది. 1794 తరువాత ఇంగ్లండు కాగితాల్లో తయారైన సంవత్సరాన్ని కూడా ఆ గుర్తులో వేయడం విస్తరించింది. 1801 గుర్తున్న కాగితం మీద 1803 ఉత్తరం ఉండవచ్చు. 1803 గుర్తున్న కాగితం మీద 1801 ఉత్తరం మాత్రం ఉండదు. అతినీలలోహిత దీపం కింద కాగితం తెల్లని నీలికాంతితో మెరిస్తే, అందులో ఇరవయ్యో శతాబ్దం మధ్యలో వాడుకలోకి వచ్చిన రసాయనం ఉన్నట్టే.

ఆనాటి సిరా మాచికాయ కషాయంలో అన్నభేది, తుమ్మబంక కలిపి చేసినది. రాసిన కొద్దిసేపటికి నల్లబడి, కాలక్రమంలో గోధుమరంగుకు తిరిగి, కాగితాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. పది రెట్లు పెంచి చూపే భూతద్దంతో చూస్తే, ఈకకలం మీద ఒత్తిడి పెరిగిన చోట గీత వెడల్పై, సిరా నారల్లోకి ఇంకి ఉంటుంది. కలం ముంచిన వెంటనే రాసిన మాటలు ముదురుగా, తరువాతివి క్రమంగా లేతగా కనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో రాతిఅచ్చులో (లితోగ్రఫీ) తీసిన ప్రతుల్లో ఈ ముదురు లేతలు ఉండవు. నేను తొలిరోజుల్లో అలాంటి అచ్చుప్రతిని అసలుదనుకుని కొన్నాను. అమ్మినవారు అందంగా చట్రం కట్టి ఇచ్చారు, నేను చట్రం విప్పి చూడమని అడగలేదు. అప్పటినుంచి చట్రంలో ఉన్న దేనినీ విప్పకుండా కొనలేదు.

దస్తూరి పరిశీలనకు నెల్సన్ జీవితమే మంచి పాఠం. 1797 జూలైలో టెనెరిఫ్‌లో కుడిచేయి పోగొట్టుకున్నాక ఆయన ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. కాబట్టి ఆ తేదీ తరువాత కుడివాటపు ఒరవడితో సాఫీగా సాగే ఉత్తరం ఆయన స్వహస్తంతో రాసింది కాదు. సంతకం కూడా మారుతూ వచ్చింది: మొదట హొరేషియో నెల్సన్; నైలు యుద్ధం తరువాత ప్రభు బిరుదుతో నెల్సన్; సిసిలీలో బ్రాంటీ డ్యూక్ బిరుదు వచ్చాక బ్రాంటీ నెల్సన్; 1801 నుంచి నెల్సన్ అండ్ బ్రాంటీ. ఏ అధికారి విషయంలోనైనా హోదా, బిరుదు ఎప్పుడు మారాయో ముందుగా పట్టిక రాసుకుంటే సగం మోసాలు అక్కడే బయటపడతాయి.

అయితే కాగితం, సిరా సరిపోయినంత మాత్రాన పని పూర్తికాదు, ఉత్తరాన్ని చదవాలి. ఎస్ అక్షరం రెండుసార్లు వచ్చిన చోట మొదటిదాన్ని ఎఫ్‌లా సాగదీసి రాస్తారు. తేదీ పక్కన ఇన్‌స్టంట్ అంటే ఈ నెల, అల్టిమో అంటే గడిచిన నెల. పాఠం మొత్తం ఎత్తి రాసుకున్నాక, అందులోని స్థలాన్ని, తేదీని లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రపరిచిన నౌకల లాగ్‌బుక్కులతో, అంటే నౌకలో రోజువారీ సంగతులు రాసిన పుస్తకాలతో, పోల్చాలి. అక్కడ ఏడీఎం 51 వరుసలో కెప్టెన్ల లాగ్‌లు, ఏడీఎం 52లో మాస్టర్ల (నౌకను నడిపే దారి చూసుకునే అధికారుల) లాగ్‌లు ఉన్నాయి. ఇక్కడ ఒక చిక్కుంది: 1805 చివరి వరకు నౌకల లాగ్‌లో రోజు మధ్యాహ్నం 12 గంటలకే మారేది. అంటే సెప్టెంబరు 15 మధ్యాహ్నం 2 గంటలకు జరిగినది లాగ్‌లో 16వ తేదీ కింద ఉంటుంది. ఇది తెలియక, నిజమైన ఉత్తరాన్ని తేదీ కుదరలేదని వదులుకునే ప్రమాదం ఉంది.

కొనుగోలుకు లండన్‌లోని పెద్ద వేలం సంస్థలే దిక్కు కాదు. తపాలా చరిత్ర వస్తువులు అమ్మేవారు పాత ఉత్తరాలను వాటి మీది తపాలా ముద్రల కోసమే వెలకడతారు. లోపలి పాఠం చాలాసార్లు ఎవరూ చదివి ఉండరు. ఓపిక ఉన్న సేకర్తకు అదే గని. అయితే ఎవరి దగ్గర కొన్నా, ఆ కాగితం ఇంతకుముందు ఎవరి చేతుల్లో ఉందో రాతపూర్వకంగా అడగాలి. గ్రంథాలయ ముద్రను గీకేసిన జాడ, దస్త్రం నుంచి కత్తిరించిన అంచు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయాలి. 50 ఏళ్లు దాటిన చేతిరాత పత్రాలు బ్రిటన్ దాటాలంటే ఎగుమతి అనుమతి అవసరమవుతుంది కాబట్టి ఆ బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోవాలి. మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన చేతిరాత పత్రాలు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం.

ఇంటికి చేరిన ఉత్తరానికి అసలు శత్రువు తేమ. మన తీరప్రాంతపు గాలిలో అన్నభేది సిరా మరింత వేగంగా కాగితాన్ని తొలుస్తుంది. ఆమ్లం లేని కాగితపు మడతలో, గట్టి పెట్టెలో, సాపేక్ష ఆర్ద్రత 50 శాతం దరిదాపుల్లో ఉండే గదిలో విప్పి పరిచి ఉంచాలి. లామినేషన్, సెల్లోటేపు, పీవీసీ కవర్లు పనికిరావు. బిగిసిపోయిన మడతను బలవంతంగా విప్పకుండా కాగితాల పరిరక్షణ తెలిసినవారికి చూపించాలి. కొన్న తేదీ, ధర, రసీదు, నీటిగుర్తు వివరం, ఎత్తి రాసిన పాఠం వేరే కాగితాల మీద ఉంచి అదే పెట్టెకు జతచేయాలి. ఉత్తరం మీద మాత్రం పెన్సిలుతోనైనా ఒక్క గీత గీయకూడదు.