గదుల బుకింగ్ వెబ్ అప్లికేషన్: విడుదలకు ముందు బయటపడవలసిన లోపాలు

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ఆ సమయంలో విజయనగరంలో గది దొరకడం కష్టం. లాడ్జి గదులు బుక్ చేసే అప్లికేషన్‌ను ఆ రద్దీకి ముందు పరీక్షించేటప్పుడు మాకు ఎదురైన సమస్యలు ఇవి.

సమస్య: ఒకే గది ఇద్దరికి బుక్ అవుతోంది.

ఒక్కరే కూర్చొని పరీక్షించినంత కాలం ఈ లోపం కనిపించదు. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకొని, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ఇద్దరం ఒకేసారి బటన్ నొక్కాము. మొదటి రెండుసార్లూ సవ్యంగానే జరిగింది కాని, మూడోసారి ఇద్దరికీ 104వ గదే వచ్చింది.

కారణం: గది ఖాళీగా ఉందా అని చూడటానికీ, దానిని నమోదు చేయడానికీ మధ్య కొద్దిపాటి వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో వచ్చిన రెండో అభ్యర్థనకు కూడా గది ఖాళీగానే కనిపిస్తుంది.

పరిష్కారం: కోడ్‌లో ముందుగా సరిచూసుకోవడం చాలదు. డేటాబేస్ పట్టికలో ఒక్కో రాత్రికి ఒక్కో వరుస చొప్పున నమోదు చేసి, గది సంఖ్య, తేదీ కలిపి డేటాబేస్‌లోనే యూనిక్ నిబంధన (అదే జత రెండోసారి నమోదు కాకూడదనే నియమం) పెడితే, రెండో నమోదును డేటాబేసే తిరస్కరిస్తుంది. రద్దయిన బుకింగ్‌లు ఆ నిబంధన కిందికి రాకుండా చూడాలి. లేకపోతే రద్దయిన గది మళ్లీ ఎవరికీ దొరకదు. డబ్బు కట్టించుకునే ముందే గదిని కొన్ని నిమిషాలపాటు పట్టి ఉంచాలి. కుటుంబంతో బయలుదేరిన మనిషి చేత డబ్బు కట్టించుకొని, ఆ తరువాత గది లేదని చెప్పడం అన్యాయం. చివరగా ఒకే గదికి 50 అభ్యర్థనలను ఒకేసారి పంపి, ఒక్కటే నెగ్గిందని నిర్ధారించుకోవాలి.

సమస్య: ‘పైడితల్లి’ అని వెతికితే ఆ పేరుతో ఉన్న లాడ్జి రావడం లేదు.

కారణం: కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంకేతాన్ని కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే అయినా కంప్యూటర్‌కు వేర్వేరు.

పరిష్కారం: పేరును దాచేటప్పుడూ, వెతికేటప్పుడూ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఇలాంటి రెండు సంకేతాలను ఒకటిగా కలిపే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి మార్చాలి. పరీక్షకు ఇంగ్లీషు పేర్లు మాత్రమే వాడిన బృందానికి ఈ లోపం ఎన్నటికీ దొరకదు.

సమస్య: మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకు చేసిన బుకింగ్ సోమవారం లెక్కలో పడింది.

కారణం: సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది, మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది.

పరిష్కారం: సమయాన్ని యూటీసీలోనే దాచి, చూపేటప్పుడూ, రోజువారీ లెక్క కట్టేటప్పుడూ భారత కాలమానంలోకి మార్చాలి. గదిలో దిగే తేదీని మాత్రం సమయం లేకుండా ఉత్త తేదీగానే దాచాలి. ఆపై అర్ధరాత్రి దాటిన వెంటనే ఒకసారి, ఉదయం 5:29కి ఒకసారి, 5:31కి మరొకసారి బుక్ చేసి, మూడింటికీ ఒకే తేదీ పడిందో లేదో చూడాలి.