గిటార్‌కి నగలు ఎన్ని కావాలి? కొనేముందు మీ టేస్ట్ తేల్చుకోవడం ఎలా

మొన్న మా బాబాయి గారబ్బాయి ఫోన్ చేశాడు, "అన్నయ్యా, రెండు గిటార్లు చూశా, రెండూ దాదాపు ఒకే రేటు, ఒకటి ఏ హంగూ లేకుండా సాదాగా ఉంది, ఇంకోదానికి చుట్టూతా నెమలి కంఠం రంగులో మెరుపు, ఏది తీసుకోమంటావ్" అని. "ఏది బాగా మోగితే అది తీస్కోరా" అని పెట్టేద్దామనుకున్నా, అందరూ చెప్పేది అదే కదా. కానీ ఆ మాట చెప్పేవాళ్ళెవరూ తాము కొనేటప్పుడు పాటించరు, నేనైతే అస్సలు పాటించలేదు. గిటార్ రోజుకి అరగంట వాయిస్తామేమో, మిగతా టైమంతా స్టాండ్ మీద మన ఎదురుగానే ఉంటుంది, చూడబుద్ధి కాని గిటార్‌ని చేతిలోకి తీసుకోబుద్ధీ కాదు. కాబట్టి అలంకారం గురించి ఆలోచించడం తప్పేం కాదు, కాకపోతే డబ్బు కట్టాక కాదు, కట్టకముందే ఆలోచించాలి. వాడికి గంటసేపు చెప్పింది ఇక్కడ రాస్తున్నా.

ముందు నా కథ. పన్నెండేళ్ళ కిందట నా మొదటి "మంచి" గిటార్ కొన్నా. అంచులకి అబలోన్ (నెమలి కంఠం రంగులో మెరిసే సముద్రపు చిప్ప), ఒంటి మధ్యలో ఉండే గుండ్రటి బొక్క, అదే సౌండ్ హోల్, దాని చుట్టూ అబలోన్, ఫ్రెట్‌బోర్డ్ (మెడ మీద వేళ్ళతో నొక్కే పలక) మీద మొదటి ఫ్రెట్ (వీణకి మెట్టు లాంటిది) నుంచి చివరిదాకా పాకిన తీగ, ఆకులు, మొగ్గలు. షాపులో లైట్ల కింద కల్యాణ మండపంలా ఉంది. ఇంటికొచ్చాక ట్యూబ్‌లైట్ కింద చూస్తే మెరుపు సగమైంది, సరే పోనీ అనుకున్నా, నెల తర్వాత ఇంకో సంగతి తెలిసింది, ఆ తీగలో ఏ ఆకు ఏ ఫ్రెట్టో నాకు అర్థమయ్యేది కాదు, ఐదో ఫ్రెట్‌కి వెళ్ళాల్సినవాణ్ణి ఆరుకి పోయేవాణ్ణి. అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసిందేంటంటే దాని టాప్, అంటే తీగల కింద ఉండే ముందు పలక, అసలు సాలిడ్ చెక్క కాదు, ప్లైవుడ్. రెండేళ్ళకి సగం రేటుకి అమ్మేశా.

అందుకే మొదటి పని ఇది. ఒకే రేటులో ఒకటి సాదాగా, ఒకటి బాగా మెరుస్తూ కనిపిస్తే ఆ మెరుపుకి డబ్బు ఎక్కడ తగ్గించారో చూడండి. సౌండ్ హోల్ అంచుని ఫోన్ టార్చ్ వేసి దగ్గర్నుంచి చూడండి. పైన కనిపించే చెక్క గీతలు అంచు మీదుగా అలాగే కిందకి దిగుతుంటే సాలిడ్ టాప్. మధ్యలో బిస్కెట్‌లా పొరలు కనిపిస్తే ప్లై. అంచుకి కూడా ప్లాస్టిక్ రింగ్ వేసి మూసేసి ఉంటే కొంచెం అనుమానించండి, మంచి గిటార్లకీ అలా ఉండొచ్చు గానీ మోడల్ వివరాల్లో "సాలిడ్" అనే మాట టాప్ పక్కన ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు నగల్లో ఏది ఉత్త నగ, ఏది పనికొచ్చే నగ అనేది. చుట్టూ ఉండే బైండింగ్ చీర అంచు లాంటిది, అందమూ ఇస్తుంది, బట్ట పీకకుండానూ చూస్తుంది. టాప్ చెక్కా పక్క చెక్కా కలిసేచోట చెక్క పీచుల చివర్లు బయటికి ఉంటాయి, అక్కడ్నుంచే తేమ దూరేది, తలుపుకి తగిలితే చిట్లేదీ అక్కడే, దాన్ని కప్పడానికి వచ్చిందే బైండింగ్. అమెరికాలో మార్టిన్ అనే కంపెనీ చేసిన, వందేళ్ళ పైబడిన ఖరీదైన గిటార్లలో అది నిజం ఏనుగు దంతమే, తర్వాత దంతంలా గీతలు కనిపించే ఐవరాయిడ్ అనే సెల్యులాయిడ్ ప్లాస్టిక్ వచ్చింది. సౌండ్ హోల్ చుట్టూ ఉండే రోజెట్‌కీ కొంత పని ఉంది, కోసిన అంచు దగ్గర చీలిక పాకకుండా అడ్డం పడుతుంది. క్లాసికల్ గిటార్లలో ఈ రోజెట్ చూస్తే మతిపోతుంది, రంగు రంగుల సన్న పుల్లల్ని కట్టగా అతికించి, దాన్ని అడ్డంగా పలచగా కోసి, ఆ ముక్కల్ని ఒక్కోటీ పక్కపక్కన పేరుస్తారు, దూరం నుంచి ముగ్గులా కనిపించేది దగ్గరికెళ్తే వందల చెక్క చుక్కలు.

పిక్‌గార్డ్ సంగతి అందరికీ తెలిసిందే, పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్ళ) టాప్ గీసుకుపోకుండా అతికించే పల్చటి పలక. అది లేకపోతే ఏమవుతుందో చూడాలంటే అమెరికా కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ గిటార్ "ట్రిగ్గర్" ఫోటో చూడండి, 1969లో కొన్న మార్టిన్ ఎన్-20, వేళ్ళతో వాయించే నైలాన్ తీగల గిటార్ కాబట్టి పిక్‌గార్డ్ ఉండదు, ఆయన పిక్‌తో వాయించీ వాయించీ సౌండ్ హోల్ పక్కన ఇంకో బొక్క పడింది. అలాగని పిక్‌గార్డ్ ఎప్పుడూ మేలే చేస్తుందనీ కాదు. పాత మార్టిన్‌లలో దాన్ని పాలిష్ లేని ఉత్త చెక్కకే నేరుగా అతికించేవారు, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ కుంచించుకుపోయి చెక్కని లాగి పగుళ్ళు తెచ్చేది, సెకండ్ హ్యాండ్‌లో పాతది కొనేవాళ్ళు పిక్‌గార్డ్ అంచు వెంబడి చూసేది ఆ పగులు కోసమే. నచ్చకపోతే తర్వాత పీకేద్దాంలే అనుకోకండి, స్ప్రూస్ చెక్క వెలుతురుకి పసుపు తిరుగుతుంది, పిక్‌గార్డ్ కింద మాత్రం తెల్లగా ఉండిపోతుంది, వాచీ తీసేశాక చేతి మీద మచ్చలాగ.

ఇక ఉత్త నగలు. ఇక్కడ మీ టేస్ట్ ఏంటో తెలుసుకోవడానికి ఒక మంచి స్కేల్ మార్టిన్ వాళ్ళ స్టైల్ నంబర్లు. 18 అంటే మహోగనీ, నల్ల అంచు లేదా టార్టాయిజ్ (తాబేటి చిప్ప రంగు) అంచు, చిన్న చుక్కలు, అంతే. 28 అంటే రోజ్‌వుడ్, తెల్ల అంచు. 45 అంటే అబలోన్ ఎక్కడ పట్టిస్తే అక్కడ. డి-28కీ డి-45కీ (డి అనేది ఒంటి సైజు పేరు) చెక్కలు అవే రకం, స్ప్రూస్ టాప్, రోజ్‌వుడ్ ఒళ్ళు, కొత్తవాటి రేటు మాత్రం మూడింతల పైనే. పైదానికి చెక్క ఏరి వేస్తారు నిజమే, కానీ ఆ తేడాలో పెద్ద వాటా చిప్పల పనికే. అన్నట్టు ఇప్పుడు వాళ్ళు వాడే ఇండియన్ రోజ్‌వుడ్ మన జిట్రేగే, 1969 ముందు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. 18, 28, 45 మూడింటి ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని ఏది చూడగానే చెయ్యి వెళ్ళిందో రాసుకోండి. వారం తర్వాత మళ్ళీ చూడండి. రెండోసారి కూడా 45 మీదకే వెళ్తే మీరు నిజంగానే మెరుపు మనిషి, సిగ్గుపడక్కర్లేదు.

నా వరకు 28, అందులోనూ హెరింగ్‌బోన్ ఉన్నది. టాప్ అంచు చుట్టూ నల్లా తెల్లా చెక్క ముక్కలు చేప ముల్లులా ఏటవాలుగా పేర్చిన సన్న పట్టీ, రెండడుగుల దూరం నుంచి ఉత్త బూడిదరంగు గీత, ఒళ్ళో పెట్టుకుంటేనే కనిపిస్తుంది. దానికో కథ కూడా ఉంది, ఆ పట్టీలు జర్మనీ నుంచి వచ్చేవి, రెండో ప్రపంచ యుద్ధంతో రావడం ఆగిపోయింది, ఉన్న స్టాక్ 1946-47 కల్లా అయిపోయింది, అక్కడ్నుంచి మామూలు నల్ల తెల్ల గీతలే. జనానికేమో "హెరింగ్‌బోన్ గిటార్" అంటే పాతది, గొప్పది అని ముద్రపడిపోయింది, చివరికి 1976లో హెచ్‌డి-28 అని, హెచ్ అంటే హెరింగ్‌బోనే, మళ్ళీ తెచ్చారు. సరుకు దొరక్క ఆపేసిన పట్టీ ఇప్పుడు పేరులోనే ఉంది.

ఇంకో అమెరికా కంపెనీ గిబ్సన్ దారి వేరు, అక్కడ బొమ్మలు. వాళ్ళ ఎస్‌జె-200 మోడల్‌కి మీసం ఆకారంలో బ్రిడ్జ్ (టాప్ మీద తీగలు బిగించే చెక్క), పిక్‌గార్డ్ మీద పూలూ తీగలూ, 1960లో వచ్చిన హమ్మింగ్‌బర్డ్‌కి పిక్‌గార్డ్ మీద ఏకంగా పిట్టే. కొందరికి ఇదంతా జాతర. నాకు హమ్మింగ్‌బర్డ్ ఇష్టం, ఎస్‌జె-200 మాత్రం వేరేవాళ్ళ చేతిలో ఉంటేనే బాగుంటుంది, ఎందుకో చెప్పలేను. మా ఇంట్లో అమ్మ బొబ్బిలి వీణ ఉంది, గొల్లపల్లిలో చేసింది, పనస చెక్క, చివర యాళి తల కళ్ళు మిటకరించి చూస్తూ ఉంటుంది. దాని మీద ఎంత నగిషీ ఉన్నా ఎక్కువ అనిపించదు నాకు, అదే నగిషీ గిటార్ మీద ఉంటే ఓవర్ అంటా. అంటే టేస్ట్‌లో సగం అలవాటే, చిన్నప్పట్నుంచి కళ్ళు దేన్ని చూశాయో దాన్నిబట్టే.

ఇప్పుడు అసలు పరీక్ష. షాపులో గిటార్‌ని గోడ మీద చూస్తాం, ఎదురుగా, నిటారుగా. వాయించేటప్పుడు అలా అస్సలు కనిపించదు. కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుని మామూలుగా వాయిస్తున్నట్టు తల వంచి చూడండి. కనిపించేవి ఏంటి? పై అంచు బైండింగ్, మెడ పక్కన ఏ ఫ్రెట్ ఏదో గుర్తుపట్టడానికి పెట్టే సైడ్ డాట్లు, రోజెట్‌లో పై సగం, చెయ్యి పెట్టేచోట పాలిష్. ఫ్రెట్‌బోర్డ్ ముందు వైపున్న ఇన్‌లే (చెక్కలో పొదిగిన చిప్ప బొమ్మలు) ఏటవాలుగా ఏదో మెరిసినట్టు కనిపిస్తుంది, అంతే. దాన్ని పూర్తిగా చూసేది ఎదుటివాళ్ళు. కాబట్టి స్టేజీ మీద వాయించేవాళ్ళు ముందు వైపు ఖర్చు పెట్టండి, ఇంట్లో ఒక్కళ్ళే వాయించుకునేవాళ్ళు బైండింగ్‌కీ రోజెట్‌కీ పెట్టండి. సైడ్ డాట్లు మాత్రం అందరూ చూడండి, చిన్నవి మసగ్గా ఉంటే చీకట్లో 5 ఏదో 7 ఏదో తెలియక నాలాగ అవస్థ పడతారు. పాలిష్‌లో మెరుపు లేని మ్యాట్ కావాలనుకునేవాళ్ళకి ఒక మాట, మోచెయ్యి ఆనేచోట రెండేళ్ళలో అది రుద్దుకుపోయి మెరిసే మచ్చ అవుతుంది, అది మీకు చిరాకా ముచ్చటా ముందే ఆలోచించుకోండి.

కస్టమ్‌గా ఇన్‌లే చేయించుకుందాం అనుకునేవాళ్ళు ముందు కాగితంతో చేసి చూడండి. స్టేషనరీ షాపులో మెరిసే రంగు కాగితం కొని, కావాల్సిన ఆకారం అదే సైజులో కత్తిరించి, తీగలు లూజ్ చేసి, మాస్కింగ్ టేప్ చిన్న ముక్కతో ఫ్రెట్‌బోర్డ్ మీద అతికించండి. పాలిష్ మీద మాత్రం టేప్ రోజుల తరబడి వదిలేయకండి, ముఖ్యంగా పాత గిటార్ల మీద ఉండే నైట్రో (నైట్రోసెల్యులోజ్) పాలిష్ అయితే. వారం ఉంచండి. మూడో రోజుకి దాని వైపు చూడటం మానేశారంటే దానికి డబ్బు దండగ.

పేరు చెక్కించుకోవాలని చాలామందికి ఉంటుంది. మొట్టమొదటి డి-45నే 1933లో జీన్ ఆట్రీ అనే పాటల కౌబాయ్ చేయించుకున్నాడు, ఫ్రెట్‌బోర్డ్ పొడుగునా ఆయన పేరే. నేనూ తెలుగులో పేరు పెట్టిద్దామని 12వ ఫ్రెట్ దగ్గర కొలిచి చూశా. 645 మిల్లీమీటర్ల స్కేల్ (తీగ మోగే పొడవు) గిటార్‌లో 11వ ఫ్రెట్‌కీ 12వ ఫ్రెట్‌కీ మధ్య సందు సుమారు 19 మిల్లీమీటర్లు, అడ్డంగా అయితే 55 దాకా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలైతే హాయిగా కూర్చుంటాయి. మనకి పైన గుడి, కింద వత్తు, రెంటికీ ఎత్తు కావాలి, ఆ 19లో అసలు అక్షరానికి మిగిలేది చూస్తే ఏడెనిమిది మిల్లీమీటర్లు. పైగా చిప్పని కంసాలి రంపం లాంటి సన్న రంపంతో కోస్తారు, ప, స లాంటి అక్షరాలకి తలకట్టు విడి ముక్కగా కొయ్యాలి, బియ్యపు గింజలో సగం ఉంటుంది, విరిగితే మళ్ళీ మొదటికి. ఒక పనాయన నా డిజైన్ చూసి "సార్ ఒక్క అక్షరం చేద్దాం" అన్నాడు. నేను వినలేదు, వేరేచోట ఇచ్చా, వాళ్ళు చేసిచ్చినదాంట్లో వత్తు అతుక్కుపోయి అదేం అక్షరమో నాకే తెలీదు. ఫ్రెట్‌బోర్డ్ ఎబొనీది అయితే అది నల్ల చెక్క కాబట్టి సందుల్లో చెక్కపొడి కలిపిన ఎపాక్సీ నింపితే తప్పులు దాగుతాయి, లేత రంగు చెక్కలో అదీ దాగదు. తెలుగులోనే కావాలంటే హెడ్‌స్టాక్ (మెడ చివర తీగలు బిగించే తల) మీద పెట్టించండి, అక్కడ చోటుంటుంది. పేరున్న గిటార్ అమ్మడం కష్టం అని వేరే చెప్పక్కర్లేదుగా.

ఇంత తలనొప్పి వద్దనుకుంటే వెనక్కి తీసుకోగలిగేవాటితో మొదలెట్టండి. ట్రస్ రాడ్ కవర్ (హెడ్‌స్టాక్ మీది చిన్న మూత), ట్యూనర్ల నాబ్‌లు, బ్రిడ్జ్ పిన్నులు (తీగల చివర్లు పట్టి ఉంచే చిన్న మేకులు), స్ట్రాప్. ఎముకతో చేసి మధ్యలో చిన్న అబలోన్ చుక్క ఉన్న పిన్నులు సాదా గిటార్‌కి ముక్కుపుడకలా ఉంటాయి, ఆరంటే ఆరు చుక్కలు. కాకపోతే పిన్నుల వాలు రెండు రకాలు ఎక్కువ, 3 డిగ్రీలు, 5 డిగ్రీలు, పాతదాన్ని పట్టుకెళ్ళి సరిచూసుకోండి, లూజైతే పైకి లేచొస్తాయి, టైటైతే సుత్తి తీసుకోకండి దయచేసి. ఇన్‌లే స్టిక్కర్లు కూడా బానే ఉంటాయి, అంచులు మాత్రం కొన్నాళ్ళకి వేళ్ళ చెమటకి లేస్తాయి. పీకాక జిగురు మిగిలితే గుడ్డకి కాస్త లైటర్ ఫ్లూయిడ్ తీసుకుని, కనపడని మూల ముందు పరీక్షించి తుడవండి, మంట దగ్గర్లో లేకుండా. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ ఒద్దు, జిగురుతో పాటు పాలిష్, ప్లాస్టిక్ బైండింగ్ కూడా కరుగుతాయి.

మా వాడు సౌండ్ హోల్‌లో టార్చ్ వేసి చూశాడట, మెరిసేది ప్లై, సాదాది సాలిడ్. సాదాదే కొన్నాడు. నిన్న ఫోటో పంపాడు, 12వ ఫ్రెట్ దగ్గర చాక్లెట్ రేపర్ కత్తిరించి నెమలి ఈక అతికించాడు, కొంచెం వంకరగా. ఆదివారం దాకా ఉంచి చూస్తాడట.