వర్డ్‌లో 5/16 లాంటి భిన్నాలు చక్కగా రావాలంటే

వర్డ్‌లో 1/2, 1/4, 3/4 టైప్ చేసి స్పేస్ కొడితే అవే ముచ్చటగా ½, ¼, ¾ అయిపోతాయి. చిక్కంతా 5/16, 7/12 లాంటి వాటితోనే. లెక్కల ప్రశ్నపత్రంలో ఒక వరుసలో ½, పక్కనే 5/16 ఉంటే చూడ్డానికి అసలు బాగుండదు. పిల్లలు చదివే కాగితం కదా, ఆ కాస్త శ్రద్ధ పెట్టాల్సిందే.

విండోస్ వర్డ్‌లో ఖాళీ చోట ముందు 2044 కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. అది భిన్నాల కోసమే ఉన్న ఏటవాలు గీత (⁄) అవుతుంది. అంకె తర్వాత ఖాళీ లేకుండా 2044 కొట్టకండి, వర్డ్ దాన్ని 52044గా చదివేస్తుంది. ఇప్పుడు గీతకు ముందు 5, తర్వాత 16 వేయండి. లవాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్, షిఫ్ట్, = నొక్కితే పైకి వెళ్తుంది. హారానికి కంట్రోల్, = చాలు.

లవం పైన, హారం కింద నిలువుగా కావాలంటే ఇంకా తేలిక: ఆల్ట్, = నొక్కి, 5/16 కొట్టి స్పేస్ ఇవ్వండి.

మాటిమాటికీ వాడే భిన్నమైతే, తయారైనదాన్ని సెలెక్ట్ చేసి ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో ‘ఫార్మాటెడ్ టెక్స్ట్’ ఎంచుకుని దాచుకోండి. పేరు (అంటే ఆ భిన్నం రావడానికి మీరు టైప్ చేయాల్సింది) మాత్రం 5//16 అని పెట్టండి. 5/16 అనే పెడితే, రేపు ఎవరి అడ్రసులోనో డోర్ నంబరు కూడా భిన్నమైపోతుంది!