బెంగళూరు గుంతల్లో నిలిచే చక్రాలు: తక్కువ ఖర్చులో రోడ్ బైకుకు వీల్‌సెట్ ఎంచుకోవడం

రోడ్ బైకు, అంటే సన్నని టైర్ల వేగపు సైకిలు, కొన్న ఏడాదికో రెండేళ్లకో చక్రాలు మార్చాలనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన జత రెండు కిలోలు దాటి ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగితే నెలకోసారి బెండు తీయించాలి. శనివారం పొద్దున నంది కొండ ఎక్కుతుంటే పక్కవాళ్ల బైకు తేలిపోతున్నట్టు కనిపిస్తుంది.

డబ్బు తీసే ముందు ఒక చిన్న లెక్క. మనిషి, బైకు, నీళ్ల సీసాలు కలిపి 80 కిలోలు అనుకుందాం. కొత్త చక్రాలు 400 గ్రాములు తగ్గించాయి. అంటే మొత్తం బరువులో అర శాతం. కొండ ఎక్కడానికి 40 నిమిషాలు పట్టే మనిషికి ఆ అర శాతం మిగిల్చేది మహా అయితే 12 సెకన్లు. చక్రం అంచున ఉన్న బరువు రెట్టింపు లెక్క అని చాలామంది చెబుతారు. అది సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరేటప్పటి మాట. ఒకే వేగంతో కొండెక్కేటప్పుడు గ్రాము ఎక్కడున్నా గ్రామే.

అందుకే బరువును మూడో స్థానంలో పెట్టండి. మొదటిది మీ బైకుకు సరిగ్గా పట్టడం. రెండోది గుంతలో పడ్డాక కూడా వంకరపోకుండా నిలవడం, పోయినా ఈ ఊళ్లోనే బాగుచేయించుకోగలగడం.

ముందు టైర్లు

చక్రాల కోసం దాచిన డబ్బులో ఐదో వంతు టైర్లకు, ట్యూబులకు తీసి పక్కన పెట్టండి. చవక బైకులతో వచ్చే ఇనుప తీగ అంచు టైరు గట్టిగా, మందంగా ఉంటుంది. దాని రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు టైరు వెనక్కి లాగే బలం) గుణకం 0.006 నుంచి 0.007 దాకా ఉంటుంది. ఇనుప తీగ లేని మంచి మడత టైరుది 0.004 నుంచి 0.005. తేడా 0.002 అనుకుంటే, 80 కిలోల బరువు 30 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు దాదాపు 13 వాట్లు మిగులుతాయి. ఆ ధరకు అంత మిగిల్చే రిమ్ము ఏదీ లేదు. పైగా జతకు 200 గ్రాములకు తక్కువ కాకుండా బరువూ తగ్గుతుంది.

ఫ్రేములో చోటుంటే 28 మి.మీ. టైరు వేయండి. టైరుకూ ఫ్రేముకూ మధ్య అన్ని వైపులా కనీసం 4 మి.మీ. ఖాళీ ఉండాలి, లేకపోతే వానాకాలంలో ఇరుక్కున్న గులకరాయి ఫ్రేమును గీకేస్తుంది. 70 కిలోల మనిషికి 28 టైరులో 65 నుంచి 75 పీఎస్ఐ సరిపోతుంది. తేలికని టీపీయూ (సన్నని ప్లాస్టిక్) ట్యూబులు కొనేవాళ్లు డబ్బా మీద రాసింది చదవాలి. వాటిలో కొన్ని డిస్క్ బ్రేకులకు మాత్రమే. రిమ్మును ప్యాడ్లతో పట్టే రిమ్ బ్రేకుతో నంది కొండ దిగేటప్పుడు రిమ్ము బాగా వేడెక్కుతుంది, ఆ వేడికి అలాంటి ట్యూబు తట్టుకోదు.

టైర్లు మార్చి ఓ నెల తొక్కండి. ఆ తర్వాత కూడా చక్రాలు కావాలనిపిస్తే ముందుకెళ్దాం.

మీ బైకుకు ఏది పడుతుంది

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. రిమ్ బ్రేకు రోడ్ బైకుల్లో ముందు హబ్బు (చక్రం నడిమి భాగం) వెడల్పు 100 మి.మీ., వెనకది 130, రెండూ క్విక్ రిలీజ్ (మీటతో విప్పే సన్నని ఇరుసు). ఇప్పటి డిస్క్ బైకుల్లో 12 మి.మీ. త్రూ యాక్సిల్ (మరతో బిగించే లావు ఇరుసు), ముందు 100, వెనక 142. మధ్యకాలపు చవక డిస్క్ బైకుల్లో, హైబ్రిడ్లలో వెనక 135 మి.మీ. క్విక్ రిలీజ్ కనిపిస్తుంది. అందాజాగా కొనకండి. వెనక చక్రం ఊడదీసి, ఫ్రేము లోపలి అంచుల మధ్య స్కేలు పెట్టి కొలవండి. రెండు నిమిషాల పని.

తర్వాత క్యాసెట్, అంటే వెనక చక్రం మీది పళ్లచక్రాల గుత్తి. 7 స్పీడ్ బైకుల్లో చాలావాటికి క్యాసెట్ ఉండదు, మరతో బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. పళ్లచక్రాలను వెనక్కి తిప్పి చూడండి. మధ్యలో సాధనం పట్టే గాడులు వాటితో పాటే తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. ఫ్రీవీల్ అయితే కొత్త చక్రంతో పాటు 7 స్పీడ్ క్యాసెట్ కూడా కొనాలి. 8, 9, 10 స్పీడ్ ఫ్రీహబ్ బాడీ (హబ్బు మీద క్యాసెట్ తొడిగే భాగం) అయితే దాని వెనక 4.5 మి.మీ. స్పేసర్ (సందు నింపే రింగు) పెట్టాలి.

షిమానో గేర్ల సెట్లైన క్లారిస్, సోరా, టియాగ్రా ఉన్న బైకులవాళ్లు 11 స్పీడ్ ఫ్రీహబ్ ఉన్న చక్రం నిశ్చింతగా కొనొచ్చు. ఆ బాడీ 1.85 మి.మీ. ఎక్కువ పొడుగు, అంతే. ముందు 1.85 స్పేసర్ తొడిగి తర్వాత మీ పాత క్యాసెట్ ఎక్కిస్తే సరిపోతుంది. కొన్ని 10 స్పీడ్ క్యాసెట్లకు ఇంకో 1 మి.మీ. స్పేసర్ కావాలి, అది క్యాసెట్ డబ్బాలోనే వస్తుంది. ఈ స్పేసర్ మరిచిపోతే లాక్‌రింగు (క్యాసెట్‌ను పట్టి ఉంచే రింగు) ఎంత బిగించినా క్యాసెట్ గలగలలాడుతుంది, గేర్లు కుదరవు, తప్పేమో గొలుసును గేర్ల మీదికి మార్చే డీరేలర్ మీద పడుతుంది. 11-34 పళ్ల హెచ్‌జీ700 క్యాసెట్ 11 స్పీడుదే అయినా రోడ్ బాడీ మీద దానికీ ఈ 1.85 స్పేసర్ తప్పదు. షిమానో 12 స్పీడ్ రోడ్ క్యాసెట్లు మామూలు 11 స్పీడ్ బాడీ మీదే కూర్చుంటాయి. స్రామ్ కంపెనీ 12 స్పీడ్ ఏఎక్స్ఎస్ గేర్లవాళ్లు మాత్రం ఎక్స్‌డీఆర్ అనే వేరే రకం బాడీ అడగాలి.

డిస్క్ బైకయితే రోటర్ (బ్రేకు పళ్లెం) ఎలా బిగుస్తుందో చూడండి: సెంటర్ లాక్ (మధ్యలో ఒకే రింగుతో బిగించే) హబ్బుకు అడాప్టర్ పెట్టి ఆరు బోల్టుల రోటర్ వాడొచ్చు. ఆరు బోల్టుల హబ్బుకు సెంటర్ లాక్ రోటర్ పెట్టడానికి దారి లేదు.

గుంతలో పడ్డాక

స్పోకులు ఎన్ని తక్కువైతే అంత అందం అనుకునే కాలం ఇది. ముందు 20, వెనక 24 స్పోకుల చక్రంలో ఒక్కటి తెగితే రిమ్ము బ్రేకు ప్యాడుకో ఫ్రేముకో రాసుకుని బైకు కదలదు. 32 స్పోకుల చక్రంలో ఒకటి తెగినా మెల్లగా ఇంటికి చేరొచ్చు. హిందూపురం దాటి లేపాక్షి దాకా వెళ్లివచ్చే రోజున ఈ తేడా బాగా తెలుస్తుంది. 75 కిలోల లోపు మనిషికి 20/24 పరవాలేదు, అక్కడి నుంచి 90 దాకా 24/28, ఆపైన 28/32 తీసుకోండి. నడుము సన్నగా ఉండే డబుల్ బటెడ్ స్పోకు, ఒకే మందం ఉన్న స్పోకు కంటే మేలు. దెబ్బ తగిలినప్పుడు అది కాస్త సాగి, ఎక్కువగా తెగే చోటైన మెడ వంపు మీద భారం తగ్గిస్తుంది. మెడ వంచిన జే-బెండ్ స్పోకు రోడ్ బైకులు చూసే షాపుల్లో సులువుగా దొరుకుతుంది. ఆ కంపెనీ ఆ మోడల్‌కే చేసిన తిన్నని స్పోకు కావాలంటే వారాల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు.

రిమ్ము లోపలి వెడల్పు 17 నుంచి 21 మి.మీ. మధ్య ఉంటే 25, 28 టైర్లకు బాగుంటుంది. టైరు అంచును పట్టే కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ములు చవగ్గా కనిపిస్తే ఆగండి. వాటికి ట్యూబ్‌లెస్ టైరే వేయాలి, గాలి 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. పాత అలవాటుతో 100 కొట్టారంటే టైరు ఊడిపోయే ప్రమాదం ఉంది.

హబ్బుల్లో రెండు రకాలు. షిమానోవి కప్పు-కోను, లోపల విడి బాల్సు: మామూలుగా ముందు ఒక్కో పక్కన 3/16 అంగుళం సైజువి 11, వెనక 1/4 అంగుళం సైజువి 9. వానాకాలం అయ్యాక విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెడితే ఏళ్లు వస్తాయి. నిర్లక్ష్యం చేస్తే నీళ్లు దిగి గుంటలు పడతాయి. కోను పాడైతే మార్చొచ్చు, కప్పు పాడైతే హబ్బే పోయినట్టు. రెండో రకం సీల్డ్ బేరింగులు. సీలు మీద 6902, 6802 లాంటి అంకె ఉంటుంది. అది రాసుకుని ఎస్.పి. రోడ్డు వైపు బేరింగ్ దుకాణాల్లో అడిగితే, 2ఆర్ఎస్ అని రబ్బరు సీలున్నవి సైకిల్ కంపెనీ ధరలో కొంతకే వస్తాయి. ఏ రకమైనా ప్రెజర్ వాషర్ నీళ్లు హబ్బు మీద కొట్టనివ్వకండి.

రిమ్ బ్రేకు బైకుకు చవక కార్బన్ చక్రాలు వద్దు. ఇందులో మాకు రెండో ఆలోచన లేదు. నంది కొండ దిగేటప్పుడు బ్రేకు పదే పదే పడుతుంటే పుట్టే వేడిని అల్యూమినియం బయటికి వదిలేస్తుంది. కార్బన్‌ది అంతగా వదలదు, చవక రకాల్లో లోపలి జిగురు మెత్తబడి రిమ్ము గోడ ఉబ్బుతుంది. డిస్క్ బైకుకు ఈ బాధ లేదు, అక్కడ కూడా 50 మి.మీ. లోతు రిమ్ము హైవే మీద లారీ దాటిపోయినప్పుడు హ్యాండిల్‌ను లాగుతుంది. 30 నుంచి 40 లోతు చాలు.

ఏవి చూడాలి

బడ్జెట్ బాగా తక్కువైతే షిమానో ఆర్ఎస్100 లాంటి జత. 1.9 కిలోల బరువు, తేలిక కాదు. పాత చక్రం ఊగుతూ, హబ్బు గరగరలాడుతూ ఉంటే మాత్రం ఇది మంచి మార్పు. ఇంకొంచెం పెట్టగలిగితే ఫల్క్రమ్ రేసింగ్ 3, కాంపాగ్నోలో జోండా తరగతి. జోండా సీ17 జతకు కంపెనీ చెప్పే బరువు 1,540 గ్రాములు. విదేశం నుంచి తెప్పించేటప్పుడు కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ కలిపి చూడండి. అక్కడి చవక ఇక్కడికి చేరేసరికి చవకగా మిగలకపోవచ్చు, వారంటీ కోసం చక్రం తిరిగి పంపే ఖర్చూ మీదే.

మూడో దారి చేతితో అల్లించుకోవడం, బరువైన మనుషులకు, రోజూ ఆఫీసుకు తొక్కేవాళ్లకు ఇదే మా మొదటి సలహా. 32 రంధ్రాల షిమానో టియాగ్రా ఆర్ఎస్400 లేదా 105 హబ్బులు, డీటీ స్విస్ ఆర్460 రిమ్ములు, 2.0/1.8 స్పోకులు 64. జత బరువు 1.9 కిలోల దగ్గరే ఉంటుంది. కానీ ఒక్కో ముక్కా విడిగా మారుతుంది. గుంతలో రిమ్ము పోతే రిమ్ము ఒక్కటే కొంటారు. అల్లేవాళ్లను ఒకటి అడగండి: వెనక చక్రం కుడివైపు స్పోకుల బిగువు ఎంత పెడతారు, మీటరుతో కొలుస్తారా అని. 110 నుంచి 120 కిలోల బలం మధ్య, రిమ్ము కంపెనీ చెప్పిన హద్దు దాటకుండా అని జవాబు వస్తే పని తెలిసినవాళ్లే.

పాతవి కొనేటప్పుడు టైరు విప్పించి చూడండి. రిమ్ము పక్క గోడకు స్కేలు ఆనించండి. గోడ లోపలికి గిన్నెలా వంగి కనిపిస్తే బ్రేకు తినేసిందన్నమాట, వదిలేయండి. స్పోకును రిమ్ముకు బిగించే నిపుల్ రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్లు ఉన్నా వదిలేయండి. ఇరుసును వేళ్లతో మెల్లగా తిప్పండి, గరుకుగా తగలకూడదు. తర్వాత ఒక్కో పక్క స్పోకులను వేలితో మీటుతూ పోండి. ఒకే పక్కవన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. వెనక చక్రంలో ఎడమవి కుడివాటికంటే తక్కువ శ్రుతిలో ఉండటం సహజం. మధ్యలో ఒకటి దబ్‌మని పలికి పక్కది కీచుమంటే, ఎక్కడో గట్టి దెబ్బ తగిలిన రిమ్మును బలవంతంగా సరిచేశారని అర్థం.

బిగించాక

క్యాసెట్ లాక్‌రింగు 40 న్యూటన్ మీటర్లు. రిమ్ము వెడల్పు మారి ఉంటుంది కాబట్టి ప్యాడ్ల దూరం, ఎత్తు మళ్లీ సరిచేయాలి. ప్యాడు టైరుకు తగిలితే ఒక్క దిగుడులోనే టైరు కోసుకుపోతుంది. డిస్క్ అయితే క్యాలిపర్ (ప్యాడ్లుండే భాగం) బోల్టులు రెండూ వదులు చేసి, బ్రేకు గట్టిగా పట్టి ఉంచి, అలాగే బిగించండి. వెనక డీరేలర్ హద్దు స్క్రూలు కూడా చూసుకోండి. కొత్త హబ్బులో క్యాసెట్ అర మిల్లీమీటరు లోపలికి జరిగినా గొలుసు స్పోకుల్లో పడొచ్చు.

మొదటి రైడులో టింగ్ టింగ్ అని నాలుగైదు చప్పుళ్లు వస్తే భయపడకండి, మెలితిరిగిన స్పోకులు సర్దుకుంటున్నాయి. 200 నుంచి 300 కి.మీ. తర్వాత ఒకసారి బెండు, బిగువు చూపించండి. ఈ పని చేయించనివాళ్లకే వెనక స్పోకులు వరసగా తెగుతాయి, ఎందుకంటే వదులైన స్పోకు ప్రతి చుట్టులోనూ బిగుస్తూ సడలుతూ మెడ దగ్గర అలిసిపోతుంది. చక్రాలు కొన్న రోజే ముందు, వెనక కుడి, వెనక ఎడమ స్పోకుల పొడుగు అడిగి రాసుకోండి. ఒక్కో పొడుగుకూ రెండేసి, నిపుల్స్‌తో సహా కొని, సీటు పోస్టుకు టేపుతో చుట్టి ఉంచండి.