రీస్టోర్ బటన్ నొక్కే ముందు

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బ్యాకప్‌లు, రీస్టోర్‌ల చరిత్ర అందులోనే ఉండే సిస్టమ్ డేటాబేస్ అయిన ఎంఎస్‌డీబీలో నమోదవుతుంది. సర్వరే పడిపోతే అదీ అందదు, కాబట్టి ఇంకోచోట మీదంటూ ఒక రిజిస్టర్ ఉండాలి.

– ఫైలు పేరును నమ్మకండి. రీస్టోర్ హెడర్‌ఓన్లీ (బ్యాకప్ ఫైలు లోపలి వివరాలు చూపే కమాండ్) నడిపి ఏ డేటాబేస్, ఏ సర్వర్, ఎన్నింటికి పూర్తయిందో చూడండి. ఒకసారి ‘సేల్స్_ఫైనల్’ అన్న ఫైలు తెరిస్తే లోపల ఉన్నది టెస్ట్ డేటా. ఆ రోజు నుంచి హెడర్ చూడందే నేను ముందుకెళ్లను.

– మధ్యలో ఎవరైనా కాపీ‌ఓన్లీ (బ్యాకప్‌ల వరసను కదపని విడి కాపీ అని చెప్పే ఆప్షన్) పెట్టకుండా ఫుల్ బ్యాకప్ తీశారా? తర్వాతి డిఫరెన్షియల్స్ (ఫుల్ బ్యాకప్ తర్వాత మారినదే ఉండే బ్యాకప్‌లు) అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఆ ఫైలు ఎక్కడుందో రాసి లేకపోతే అర్ధరాత్రి టెన్షన్ తప్పదు.

– వెరిఫైఓన్లీ (బ్యాకప్ ఫైలు చదవగలిగేలా ఉందో లేదో చూసే కమాండ్) సరిపోదు. నిజంగా రీస్టోర్ చేసి, డేటాబేస్ పాడైందేమో చూసే చెక్‌డీబీ నడిపిన తేదీ, పట్టిన సమయం రాయండి.

– రీప్లేస్ (ఉన్న డేటాబేస్ మీదే రాసేసే ఆప్షన్) వాడుతుంటే సర్వర్ పేరు పైకి చదవండి, పక్కన ఒకరు వినాలి.